ఉద్యోగ పరీక్షలు – మన ఆడపిల్లలు

ఈ మాసము మాకు చేరిన జాబులలో బోధనునుండి ఒక తల్లి వ్రాసినది మమ్ములను చాలసేపు ఆలోచింపజేసినది. ఆమె భర్త శక్కర్‌నగర్ చక్కెర కర్మాగారములో పనిచేసి, అది మూతపడిన తరువాత చిన్న కిరాణాకొట్టు పెట్టుకొన్నాడు. ఆమె ఇంటివద్ద బీడీలు చుట్టును. పెద్దకుమార్తె నిజామాబాదులో బి.యస్సీ. చదివి మంచి మార్కులతో ఉత్తీర్ణురాలైనది. కాని చదువు ముగిసిన రెండేండ్లలో ఆ పిల్ల వ్రాసిన ఉద్యోగపరీక్షలు రెండు తప్పిపోయినవి. మూడవదానిలో వ్రాతపరీక్ష గట్టెక్కినది గాని, ఇంటర్వ్యూలో "నీకున్న బలములేవి?" అని యడిగినప్పుడు నోట మాట రాక నిలిచిపోయినదట. ఇంటికి వచ్చి రెండు దినములు అన్నము ముట్టలేదట.

ఆ తల్లి వ్రాసిన ప్రశ్న యిది: "ఆప్టిట్యూడ్ అనగా పుట్టుకతో వచ్చు తెలివి అని యెవరో చెప్పినారు. అట్లయిన నా బిడ్డకు ఆ తెలివి లేదనియేనా యర్థము? మా ఆడబిడ్డ వచ్చి, 'ఇంకెన్ని దినాలు పరీక్షలనుకుంట పిల్లను ఇంట్ల కూసోబెడ్తరు? మంచి సంబంధమొస్తే చేసెయ్యిండ్రి' అన్నది. మా వారును మెత్తబడినారు. నేనేమి చేయవలెను?"

ఈ ప్రశ్న ఒక్క బోధను తల్లిది కాదు. పట్టభద్రురాలైన కుమార్తె గల ప్రతి యింటిలోను నేడో రేపో ఈ మాట పుట్టును. కావున జాబునకు విడిగా బదులు వ్రాయక, మా సోదరీమణు లందఱు వినునట్లు ఇచ్చటనే వ్రాయుచున్నాము.

మొట్టమొదట ఆ ప్రాంతపు సంగతి కొంచెము చెప్పవలెను. మంజీరానదిపై నిజాంసాగరు జలాశయము 1923లో ఆరంభమై 1931లో పూర్తియైనది. ఆ నీటితో బోధను పరిసరములు చెఱకుతోటలైనవి. 1937లో నిజాం చక్కెర కర్మాగారము స్థాపింపబడినది. ఒకప్పుడది ఆసియాఖండములోనే పెద్దదని పేరు వడసినది. చుట్టును శక్కర్‌నగర్ వెలసినది. ఎన్నో కుటుంబములు ఆ పొగగొట్టపు నీడను బ్రతికినవి. 2002లో అది ప్రైవేటు యాజమాన్యము క్రిందికి పోయినది. 2015 డిసెంబరులో మూతపడినది. తండ్రులకు తెలిసిన ఉద్యోగమార్గ మంతటితో తెగిపోయినది.

ఆ కాలమున ఉద్యోగ మెట్లు దొరకెడిది? తెలిసినవారి మాటమీద పనిలో చేరి, పనిలోనే పని నేర్చుకొన్నవారు అన్ని ఊళ్లలోను కలరు. ఆ పద్ధతిలో ఒక సుఖమున్నది. ఒక అన్యాయమును ఉన్నది. మాట చెప్పువా రెవరును లేని యింటిపిల్లకు, అందులోను ఆడపిల్లకు, ఆ ద్వారము తెరచుకొనెడిది కాదు. నేడు బ్యాంకు కొలువైనను, ప్రభుత్వోద్యోగమైనను, పెద్ద కంపెనీలో పనియైనను పరీక్ష వ్రాయవలెను. కంప్యూటరు ముందు కూర్చున్న పిల్ల యెవరి కూతురో ఆ కంప్యూటరునకు తెలియదు. సిఫారసు లేనివారికి ఇది గొప్ప మేలు. కావున మేము పరీక్షలను నిందింపబోము. పరీక్ష యేమి చెప్పగలదో, ఏమి చెప్పజాలదో తెలిసికొనవలెనని మాత్రమే చెప్పదలచినాము.

ఇందుకు బోధనులో దొరకు ఉపమానమే చాలును. చెఱకు తీపిని కొలుచుటకు రసము నొక చుక్క చిన్న గాజుపలకపై వేసి చూతురు. అందులో కనబడు అంకెను బ్రిక్సు అందురు. బ్రిక్సు పెద్దదైనచో చక్కెర యెక్కువ యుండవచ్చునని యూహింతురు. కాని ఆ యంకె రసములో కరగియున్న వస్తువులన్నిటిని కలిపి చెప్పును. చక్కెరయు, లవణములును, తక్కిన పదార్థములును అన్నియు అందులో చేరును. ఎంత పాలు నిజముగా చక్కెరయో తెలియవలెనన్న ప్రయోగశాలలో పోల్ అను రెండవ పరీక్ష చేయుదురు. ఆ రెండంకెలను పోల్చి రసముయొక్క శుద్ధి నిర్ణయింతురు. ఒక్క అంకెను నమ్మి కర్మాగారము నడిపినవారు లేరు. చెఱకుగడకే రెండు పరీక్షలు కావలసియుండగా, మన కడుపున పుట్టిన పిల్లను ఒక్క గంట పరీక్షతో తూచి ధర కట్టుట యెంతవఱకు న్యాయము?

ఇట్టి పరీక్షల పుట్టుకను చూచినను ఇదే తేలును. 1905లో ఫ్రాన్సు దేశమున ఆల్ఫ్రెడ్ బినే అను శాస్త్రజ్ఞుడు, సైమను అను వైద్యునితో గూడి, బుద్ధిని కొలుచు ప్రశ్నల నేర్పఱచెను. బడిలో వెనుకబడిన పిల్లలను గుర్తించి వారికి ఎక్కువ సాయము చేయుటకే ఆ ప్రశ్నలు పుట్టినవి. బుద్ధి మార్పులేనిదనియు, ఒకసారి కొలిచిన చాలుననియు అనువారితో బినే యేకీభవింపలేదు. అభ్యాసముచే బుద్ధి పెరుగునని ఆయన వాదించెను. కాని 1917లో అమెరికా యుద్ధములో ప్రవేశించినప్పుడు సైనికులను త్వరగా వేఱుపఱచవలసి వచ్చి, లక్షలమందికి ఒక్కసారిగా ప్రశ్నపత్రము లిచ్చిరి. సాయము చేయుటకు పుట్టిన కొలబద్ద నాటినుండి వడపోతకు జల్లెడయైనది. యుద్ధము ముగిసిన తరువాత వ్యాపారసంస్థలును ఆ జల్లెడను చేపట్టినవి.

జల్లెడ రంధ్రములు పనికి తగినవి కాకపోయిన నేమగును? దీనికి అమెరికా అత్యున్నత న్యాయస్థానము 1971లో ఒక తీర్పు చెప్పినది. ఒక విద్యుత్ కంపెనీ తన పనివారికి హైస్కూలు పట్టాయు, సామాన్యబుద్ధి పరీక్షలును విధించెను. వానివలన నల్లజాతివా రెక్కువమంది మంచి పనులకు దూరమైరి. ఆ పరీక్షలకును చేయవలసిన పనికిని సంబంధమున్నట్లు కంపెనీ చూపలేకపోయెను. పరీక్ష పెట్టువారు అది ఆ పనికి సంబంధించినదని చూపవలెనని న్యాయమూర్తులు ఏకగ్రీవముగా నిర్ణయించిరి. పరీక్షలో తప్పినంతమాత్రాన పనికి పనికిరానివారని చెప్పుటకు వీలులేదని లోకమునకు ఆనాడు తెలిసివచ్చినది.

ఇక మన పిల్లలు వ్రాయు పరీక్షలలో ఏమేమి యుండును? పేరు వేఱైనను లోపలి సరకు చాలవఱకు ఒక్కటే. లెక్కలు, తర్కము, భాష. నిష్పత్తులు, శాతములు, వడ్డీ, పని – కాలము, దూరము – వేగము: ఇవి లెక్కలు. ఎవరి ప్రక్కన ఎవరు కూర్చున్నారు, ఈ వరుసలో తరువాతి యంకె యేది: ఇట్టివి తర్కము. ఇచ్చిన భాగమును చదివి బదులు చెప్పుట, తప్పులు దిద్దుట: ఇవి భాష. లెక్కలలో పదవతరగతికి మించిన విషయములు తక్కువ. అయినను మంచి మార్కులు వచ్చిన పిల్లలే తప్పుచున్నారు. దీనికి కారణము కాలము. బ్యాంకు అధికారుల ప్రాథమిక పరీక్షలో లెక్కల విభాగమునకు 35 ప్రశ్నలు, 20 నిమిషములు. ప్రశ్నకు 35 సెకనులైనను రావు. కాలేజీలో మూడుగంటలు నిదానముగా వ్రాసిన పిల్లకు ఇది క్రొత్త ఆట. తెలివి చాలక కాదు, ఆ ఆట ఆడనందున ఓడును.

ఒక యుదాహరణ చెప్పెదము. "400 క్వింటాళ్ల చెఱకునుండి 10.25 శాతము చక్కెర వచ్చినచో ఎన్ని క్వింటాళ్లు?" కాలేజీ పద్ధతిలో గుణకారము వేసి, భాగహారము చేసి, ఒక నిమిషము పోగొట్టుకొందురు. ఇంటిలెక్క యిట్లు చేయును: నూటికి పది చొప్పున నాలుగు వందలకు 40. నూటికి పావు చొప్పున నాలుగు వందలకు 1. మొత్తము 41. మరియొకటి: "ఒక స్త్రీ ఒక మడిని 6 దినములలో కలుపు తీయును, ఇంకొకతె 3 దినములలో తీయును. ఇద్దఱును కలిసిన ఎన్ని దినములు?" మడిలో 6 సాళ్లున్న వనుకొనుడు. మొదటిది దినమునకు ఒక సాలు, రెండవది రెండు సాళ్లు. ఇద్దఱును కలిసి మూడు. కావున రెండు దినములు. ఇట్టి లెక్కలు సంతలోను, చేనులోను మన తల్లులు నోటితో చేయుచునే యున్నారు. పుట్టుకతో వచ్చిన మంత్ర మిందులో లేదు. దినమున కొక గంట చొప్పున ఆఱుమాసములు గడియారము పెట్టుకొని సాధన చేసినచో చేతికి వచ్చును. రోటిపచ్చడి చేయ నేర్చిన చేతికి మొదటిదినముననే ఉప్పుకారములు కుదిరినవా?

విడిచిపెట్టుట నేర్చుకొనుటయు నిందులో ఒక విద్య. బ్యాంకు పరీక్షలో ప్రతి ప్రశ్నకు అయిదు జవాబు లిచ్చి ఒకటి యెన్నుకొమ్మందురు. తప్పు జవాబునకు ఆ ప్రశ్న మార్కులో నాలుగవవంతు కోయుదురు. గ్రుడ్డిగా అయిదు ప్రశ్నలకు గుర్తుపెట్టినచో, సగటున ఒకటి సరియగును, నాలుగు తప్పును. వచ్చినది ఒక మార్కు, పోయినది నాలుగు పావులు. మిగిలినది సున్న. కావున గ్రుడ్డిగా గుర్తుపెట్టుటవలన లాభము లేదు. అయిదింటిలో రెండు కానేకావని నిశ్చయముగా తెలిసినప్పుడు తక్కిన మూడింటిలో ఒకటి యెంచుకొనుట లాభమే. ఈ చిన్న లెక్క తెలియక, వచ్చిన మార్కులను పోగొట్టుకొన్న పిల్లలు మన యిండ్లలో నెందఱో కలరు.

భాషనుగూర్చి ఒక మాట. తెలుగు మాధ్యమములో చదివిన పిల్లకు లెక్కల ప్రశ్నయు ఆంగ్లములో వచ్చినప్పుడు, అది లెక్కల పరీక్షయో ఆంగ్ల పరీక్షయో తెలియకుండ పోవును. 2019లో కేంద్రప్రభుత్వము గ్రామీణ బ్యాంకుల పరీక్షలను తెలుగుతో సహా 13 ప్రాంతీయభాషలలో జరుపుటకు నిర్ణయించినది. దరఖాస్తు చేయునప్పుడు భాష నెన్నుకొనుట మఱవరాదు. ప్రైవేటు కంపెనీల పరీక్షలు సాధారణముగా ఆంగ్లమునందే యుండును. వానికి పోవు పిల్ల దినమున కొక పుట ఆంగ్లపత్రిక బిగ్గరగా చదువుట మంచి మందు. ఇంటిలో నవ్వువారు లేకుండ తల్లి చూచుకొనవలెను.

ఇప్పుడు రెండవ ప్రశ్నకు వత్తము. "నీకున్న బలములేవి?" ఈ ప్రశ్నకు మన పిల్లలు మూగలగుటలో వింత లేదు. చిన్ననాటినుండి ఆడపిల్ల తన గొప్ప తాను చెప్పుకొనరాదని మనమే నేర్పినాము. నలుగురిలో నోరు విప్పిన గయ్యాళి యన్నాము. ఇరువదియేండ్లు అట్లు పెంచి, ఒక్క ఉదయమున పరాయివారి యెదుట కూర్చుండబెట్టి "నీ మంచి చెప్పుకొనుము" అన్న ఏమి చెప్పును? పుస్తకములో బట్టీపట్టిన "నేను కష్టించి పనిచేయుదును, అందఱితో కలిసిపోవుదును" అన్న ముక్కలు చెప్పును. అడుగువా రవి ఆ దినమున ఇరువదిమార్లు విని యుందురు.

అమెరికాలో ఫ్రాంకు పార్సన్సు అను నతడు 1908లో బోస్టను నగరమున యువకులకు వృత్తి నెన్నుకొనుటలో సలహా చెప్పు కార్యాలయము తెఱచెను. ఆయన చెప్పినది మూడు మాటలు: తన్ను తా నెఱుగుట, పని నెఱుగుట, ఈ రెంటిని వివేకముతో జతపఱచుట. నూఱేండ్లు దాటినను ఇంతకుమించిన సూత్ర మింకొకటి లేదు. ఇటీవల మనుష్యుని బలములకు పట్టికలును వ్రాసినారు. 2004లో పీటర్సను, సెలిగ్మను అను నిద్దఱు మానసికశాస్త్రజ్ఞులు 24 సద్గుణములను వివరించి పెద్దగ్రంథము ప్రకటించిరి. ఇట్టి పట్టికలు తన్ను తా నెఱుగుటకు అద్దమువంటివి. అద్దము చూచుకొనుట మంచిదే. అద్దమును పట్టుకొని ఇంటర్వ్యూకు పోయిన ప్రయోజనము లేదు. పేరు చెప్పిన చాలదు. ఆ గుణము పనిలో కనబడిన సందర్భము చెప్పవలెను.

ఆ సందర్భములు మన యింటిపిల్లల వద్ద లేవా? బోధను తల్లి తన జాబులో మధ్యనెక్కడనో, ముఖ్యము కానిదానివలె ఒక సంగతి వ్రాసినది. బీడీల కట్టలెన్ని యిచ్చినది, ఆకు, తంబాకు ఎంత వచ్చినది, పనికిరావని ఎన్ని తీసివేసినారు – ఈ లెక్కయంతయు ఇంటరు చదువునాటినుండి ఆ పిల్లయే పుస్తకములో వ్రాయుచున్నదట. ఒకసారి లెక్క తప్పుగా కట్టి కూలి తక్కువ యిచ్చినప్పుడు ఆ పిల్ల పుస్తకము తీసికొనిపోయి, కోపము లేకుండ, వరుస వరుస చూపి, తక్కువైన సొమ్ము తెచ్చినదట. తల్లి సభ్యురాలుగా నున్న మహిళాసంఘములో నెలనెల పొదుపు, అప్పు, వడ్డీ వ్రాయుటకును ఆ పిల్లనే పిలుతురట.

అమ్మా! ఇంటర్వ్యూలో చెప్పవలసినది ఇదియే గదా! "నేను లెక్కలయందు జాగ్రత్త గలదానను" అనుట వేఱు. "అయిదేండ్లుగా మా అమ్మ కూలి లెక్కలు వ్రాయుచున్నాను. ఒకసారి తేడా వచ్చినది. తేదీల వారీగా చూపితిని. వారు దిద్దుకొనిరి. నాటినుండి మా వీథిలో నలుగురు తమ లెక్కలు నాచేత చూపించుకొనుచున్నారు" అనుట వేఱు. మొదటిది ఎవరైనను చెప్పవచ్చును. రెండవది ఆ పిల్ల తప్ప మఱొకరు చెప్పజాలరు. ఏమి జరిగినది, నేనేమి చేసితిని, దానివలన నేమైనది: ఈ మూడు ముక్కలలో చెప్పిన చాలును. ఇది గొప్పలు చెప్పుకొనుట కాదు. చేసిన పనికి సాక్ష్యము చెప్పుట. మీ బిడ్డ ఆ దినమున మూగయైనది బలము లేక కాదు. ఇంటిలో చేసిన పని పనియే కాదని మన మందఱము కలిసి ఆమెకు నేర్పియుంటిమి గనుక.

శాస్త్రజ్ఞుల పరిశోధనలును ఈ మార్గమునే బలపఱచుచున్నవి. ఉద్యోగములో ఎవరు బాగుగ రాణింతురో ముందుగా చెప్పుటకు ఏ సాధనము మేలైనదని నూఱేండ్లనుండి లెక్కలు వేయుచున్నారు. 2022లో ప్రకటితమైన ఒక విస్తృత పరిశీలనలో, అందఱిని ఒకే విధమైన ప్రశ్నలు ముందుగా నిర్ణయించుకొని అడుగు ఇంటర్వ్యూ మొదట నిలిచినది. బుద్ధిపరీక్ష దానికన్న తక్కువ స్థానమున నిలిచినది. అట్టి ఇంటర్వ్యూలలో "అట్టి కష్టము వచ్చినప్పుడు నీవేమి చేసితివి?" అని జరిగినదానినే అడుగుట పరిపాటి. అనగా నేడు పిల్లకు అక్కఱకు వచ్చునది తా నేమి చేసినదో గుర్తుంచుకొని చెప్పగలుగుటయే.

కొన్ని కంపెనీలు స్వభావమునుగూర్చియు ప్రశ్నపత్రము లిచ్చును. "నలుగురిలో నుండుట నీ కిష్టమా, ఒంటరిగా పనిచేయుట యిష్టమా?" ఇట్టివానికి సరియైన జవాబు, తప్పు జవాబు అని యుండవు. వారికి నచ్చునదేదో ఊహించి వ్రాసిన, ఒకచోట చెప్పినది ఇంకొకచోట చెప్పినదానికి పొసగకపోవును. పైగా అబద్ధముతో దొరకిన ఉద్యోగములో దినదినమును ఆ యబద్ధమును మోయవలెను. ఉన్నదున్నట్లు చెప్పుటయే మేలు.

ఇంతవఱకు పిల్ల చేయవలసినది చెప్పితిమి. ఇంటివారు చేయవలసిన దింకను ముఖ్యము.

మొదటిది, కాలము. 2022 అక్టోబరులో తెలంగాణలో గ్రూప్-1 ప్రాథమిక పరీక్ష జరిగినది. ప్రశ్నపత్రములు బయటికి పొక్కినవని 2023 మార్చిలో దానిని రద్దుచేసిరి. 2023 జూనులో మరల జరిపిరి. దానిని హైకోర్టు రద్దుచేసినది. 2024లో క్రొత్త ప్రకటన యిచ్చి జూనులో మూడవమారు జరిపిరి. ఒకే మెట్టునకు మూడుమార్లు ఎక్కవలసివచ్చిన పిల్ల తప్పేమున్నది? రెండేండ్లు గడచినవన్న లెక్క పెద్దలకు తెలియును. ఆ రెండేండ్లలో పిల్ల చేతిలో నున్నదెంత, లేనిదెంత అన్న లెక్కయు వేయవలెను.

రెండవది, చోటు. నేడు కొన్ని పరీక్షలు ఇంటిలోనే కెమెరా యెదుట వ్రాయవలసి యుండును. రెండు గదుల యింటిలో ఒక గది తలుపు ఒక గంట మూసియుంచుట పెద్ద త్యాగము కాదు. టెలివిజను కట్టిపెట్టుడు. చుట్టములను ముందు గదిలో కూర్చుండబెట్టుడు. కొడుకు పరీక్ష వ్రాయునప్పుడు ఇల్లంతయు మునివ్రేళ్లపై నడచును. కూతురు వ్రాయునప్పుడు నడుమ లేచి పాలు పొంగుచున్నవేమో చూడమందురు. ఈ భేదము మా సోదరీమణులకు తెలియనిది కాదు.

మూడవది, జాగ్రత్త. పరీక్ష లేకుండ ఉద్యోగమిప్పింతుము, ముందు కొంత సొమ్ము కట్టుడని చెప్పువారు నిరాశపడిన యిండ్లచుట్టు తిరుగుచుందురు. ఉద్యోగ మిచ్చువారు జీత మిత్తురు గాని ముందుగా పుచ్చుకొనరు. పుస్తెలతాడు కుదువబెట్టి అట్టివారి చేతిలో పెట్టకుడు. డబ్బులేని సాయము దొరకు మార్గములు చూడుడు. 2014లో ఏర్పడిన తెలంగాణ నైపుణ్య విజ్ఞాన అకాడమీ, అనగా టాస్క్, కాలేజీ విద్యార్థులకు ఇట్టి పరీక్షలలోను, మాట తీరులోను శిక్షణ నిచ్చుటకే పుట్టినది. నిజామాబాదులో 2023 ఆగస్టులో ఐటీ టవరును ప్రారంభించినారు. పిల్ల చదివిన కాలేజీకి పోయి అధ్యాపకుల నడిగినను సిగ్గుపడవలసినది లేదు.

నాలుగవది, గడువు. అంతులేని నిరీక్షణయు మంచిది కాదు. తల్లి, తండ్రి, బిడ్డ ముగ్గురును కూర్చుండి, ఇంకొక యేడాదియో, ఏడాదిన్నరయో అని మాట అనుకొనుడు. ఆ కాలములో ఏ పరీక్షలు వ్రాయునో కాగితముపై వ్రాసికొనుడు. నడుమ ఇంటివద్ద పదిమంది పిల్లలకు లెక్కలు చెప్పినను, దగ్గఱి దుకాణములో జమాఖర్చులు వ్రాసినను వ్యర్థము కాదు. రేపు ఇంటర్వ్యూలో చెప్పుటకు ఇంకొక సాక్ష్యము. ఆ గడువులోగా పెండ్లిమాట ఎత్తువారికి తల్లియే నవ్వుచు బదులు చెప్పవలెను. గడువు ముగిసిన తరువాత దారి మార్చుకొన్నను, అది ఆమె ఓటమి కాదు. ముగ్గురు కలిసి చేసిన నిర్ణయము.

బోధను సోదరికి మా బదులిది. ఆప్టిట్యూడ్ అన్న మాటకు సామర్థ్యము, అనగా నేర్చుకొనుటకు తగిన నేర్పు, అని యర్థము. అది పుట్టుకతో కొంత వచ్చును, సాధనతో చాల వచ్చును. మీ బిడ్డ రెండుమార్లు తప్పి మూడవమారు వ్రాతపరీక్ష గట్టెక్కినదని మీరే వ్రాసినారు. నేర్చుకొనుచున్నదనుటకు ఇంతకన్న నిదర్శన మేమి కావలెను? మీరు అది ఓటమియని చదివినారు. మేము అభివృద్ధియని చదివితిమి.

అరిసెలు చేయునప్పుడు పాకము వచ్చినదో లేదో చూచుటకు నీటిలో ఒక చుక్క వేసి చూతుము. ఉండ కట్టకపోయిన పాకమును పాఱబోయుదుమా? మంట సరిచేసి, మఱికొంతసేపు కలియబెట్టి, మరల చూతుము. చుక్క చెప్పునది ఇంకను కాగవలెనని మాత్రమే. మీ వారితోను, మీ ఆడబిడ్డతోను ఈ మాటయే చెప్పుడు. బెల్లమున కిచ్చు ఓపిక బిడ్డకును ఇండు.

ఆ పిల్లచేత ఒక చిన్న నోటుపుస్తకము కొనిపించుడు. తాను చేసిన పనులను, చిన్నవైనను, తేదీతో సహా అందులో వ్రాయమనుడు. మొదటి పుటలో ఆ బీడీల లెక్క వ్రాయవలెను. ఈసారి ఇంటర్వ్యూ ముగిసిన తరువాత ఏమి జరిగినదో మాకు వ్రాయుడు. ఫలితమెట్లున్నను వ్రాయుడు.